న్యూస్‌ప్రింట్ ఎవరి చేతిలో ఉంది?

మిత్రులారా, నమస్కారం.

పత్రికల మీద పాలకుల పెత్తనం అనగానే మనకు సెన్సారు, అరెస్టులు గుర్తొస్తాయి. అవేవీ అక్కర్లేకుండానే పత్రిక గొంతు నొక్కొచ్చని గయానా చరిత్ర చూశాక నాకు అర్థమైంది. దక్షిణ అమెరికాలో ఇంగ్లీషు అధికార భాషగా ఉన్న దేశం అదొక్కటే. జనాభా ఎనిమిది లక్షల చిల్లర, అంటే మన విశాఖపట్నంలో సగం కూడా ఉండదు. 1838 నుంచి 1917 దాకా చెరకు తోటల పనికి అక్కడికి ఓడలెక్కిన కూలీల్లో మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు కూడా ఉన్నారు. అక్కడ వాళ్లందరిదీ ఒకటే పేరు, మద్రాసీలు.

ఆ దేశానికి 1966లో స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటి ప్రధాని ఫోర్బ్స్ బర్నమ్. ప్రతిపక్ష నాయకుడు చెడ్డీ జగన్. నవ్వకండి, ఆయన పేరు నిజంగా అదే. జగన్ పార్టీకి ‘మిర్రర్’ అనే పత్రిక ఉండేది. ఆయన భార్య జానెట్, షికాగోలో పుట్టిన అమెరికన్, చాలా ఏళ్లు దానికి సంపాదకురాలు.

1970ల్లో దినపత్రికలు ప్రభుత్వం చేతిలోకి వెళ్లిపోయాయి. రేడియో కూడా అంతే. మిగిలిన మిర్రర్‌ను ఎవరూ నిషేధించలేదు. న్యూస్‌ప్రింట్, అంటే పత్రికలు అచ్చేసే కాగితం, దిగుమతికి లైసెన్సు కావాలన్నారు, అంతే. ఆ లైసెన్సు చేతికి రాదు. అడిగితే విదేశీ మారకం లేదంటారు. పత్రిక పేజీలు తగ్గుతూ తగ్గుతూ చివరికి వారపత్రిక అయిపోయింది. 1982లో గోధుమపిండి దిగుమతి ఆపేసినప్పుడూ చెప్పిన కారణం ఇదే. బియ్యప్పిండి వాడుకోమన్నారు. రొట్టె లేకుండా ముద్ద దిగని ఇళ్లలో గోధుమపిండి దొంగసరుకైంది. కాగితానికైతే ఆ దొంగదారి కూడా లేదు. పిండిని చీర మడతల్లో దాచొచ్చేమో గానీ, న్యూస్‌ప్రింట్ రీలును ఎక్కడ దాస్తారు?

మిర్రర్ కాక ఎదురు నిలిచింది ‘కాథలిక్ స్టాండర్డ్’ అనే చర్చి పత్రిక. 1979 జులై 14న రాజధాని జార్జ్‌టౌన్‌లో కోర్టు దగ్గర గొడవ జరుగుతోంది. వాల్టర్ రాడ్నీ అనే చరిత్రకారుడి మీద, ఆయన సహచరుల మీద ప్రభుత్వ భవనం తగలబెట్టారని కేసు పెట్టారు. బయట జనం ఊరేగింపు తీస్తున్నారు. బెర్నార్డ్ డార్క్ అనే జెస్యూట్ ఫాదర్ కెమెరాతో ఫొటోలు తీస్తున్నారు. ఆయన బళ్లో పాఠాలు చెప్పే మేష్టారు, పత్రికకు ఫొటోలు తీసిపెట్టేవారు. ప్రభుత్వానికి దగ్గరగా ఉన్న ఒక ముఠా వాళ్లు వెంటపడి పొడిచారు. ఆ రోజే ప్రాణం పోయింది. మరుసటి ఏడాది జూన్‌లో రాడ్నీని బాంబుతో చంపారు.

బర్నమ్ 1985లో పోయారు. తర్వాత వచ్చిన డెస్మండ్ హోయ్ట్ పట్టు కొంచెం సడలించారు. పిండి వచ్చింది, పత్రిక కూడా వచ్చింది. డేవిడ్ డి కేరెస్ అనే లాయరు 1986 నవంబరులో ‘స్టాబ్రోక్ న్యూస్’ మొదలుపెట్టారు. దాన్ని మొదట్లో అచ్చేసింది ట్రినిడాడ్‌లో! గయానాలో రాసి, సముద్రం అవతల అచ్చేయించి, విమానంలో తెప్పించుకుని అమ్మేవారు. మన దగ్గర జిల్లా ఎడిషన్ కాస్త లేటైతేనే డెస్కులో టెన్షన్, అది వేరే సంగతి.

1992 ఎన్నికల్లో జగన్ గెలిచి అధ్యక్షుడయ్యారు. 1997లో ఆయన పోయాక అదే ఏడాది డిసెంబరులో జానెట్ ఆ కుర్చీలో కూర్చున్నారు. న్యూస్‌ప్రింట్ కోసం అల్లాడిన సంపాదకురాలు దేశాధ్యక్షురాలైంది. మిర్రర్‌లోనే విలేఖరిగా పనిచేసిన, మద్రాసీ మూలాలున్న మోజెస్ నాగముత్తూ తర్వాత పార్టీ మారి 2015లో ప్రధాని అయ్యారు.

నన్ను ఆలోచనలో పడేసింది 2006 నాటి సంగతి. భరత్ జగ్‌దేవ్ అధ్యక్షుడు. అధికారంలో ఉన్నది అదే జగన్ల పార్టీ. ఆ నవంబరులో స్టాబ్రోక్ న్యూస్‌కు ప్రభుత్వ ప్రకటనలు ఆగిపోయాయి. ‘కైటూర్ న్యూస్’ ఎక్కువ అమ్ముడవుతోంది, ప్రజాధనం వృథా చేయలేం అన్నారు. అంత చిన్న దేశంలో టెండరు నోటీసుల దగ్గర్నుంచి ఉద్యోగ ప్రకటనల దాకా పెద్ద ఖాతాదారు ప్రభుత్వమే. అందుకే ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో పెద్దగా ఆలోచించాల్సిన పనిలేదు. అప్పుడు విదేశీ మారకం లెక్క చెప్పారు, ఇప్పుడు సర్క్యులేషన్ లెక్క చెప్పారు. న్యూస్‌ప్రింట్ లేక నాలుగు కాగితాలతో పత్రిక నడిపిన రోజులు ఆ పార్టీ ఆఫీసులో ఒక్కరికైనా గుర్తురాలేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ప్రకటనలు పదిహేడు నెలల తర్వాత, 2008 ఏప్రిల్‌లో తిరిగొచ్చాయి. పత్రిక ఈలోగా మూతపడలేదు. డి కేరెస్ అదే ఏడాది నవంబరులో కన్నుమూశారు.