డొమైన్ మారాక డెస్క్‌టాప్ బోసిపోయిందా? (ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: డొమైన్ అంటే ఆఫీసు కంప్యూటర్లనీ, లాగిన్‌లనీ ఒకచోటి నుంచి నడిపే నెట్‌వర్క్. మొదటి కాలర్ గుంటూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా ఆఫీసును ఇంకో కంపెనీలో కలిపారు. నిన్న ఒకతను వచ్చి నా కంప్యూటర్‌ను కొత్త డొమైన్‌లో పెట్టి వెళ్లాడు. పొద్దున లాగిన్ అయితే డెస్క్‌టాప్ ఖాళీ! ఎక్సెల్ షీట్లు, మా పాప ఫొటో... అంతా పోయినట్టేనా సార్?

నిపుణుడు: ఏమీ పోలేదమ్మా. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరవండి. మీ పేరుతో రెండు ఫోల్డర్లు ఉండాలి. ఒకటి ఉత్త పేరు, రెండోది పేరు పక్కన చుక్క, కొత్త డొమైన్ పేరు.

కాలర్: ఆఁ, ఉన్నాయి. రెండూ నావేగా?

నిపుణుడు: మీకు అంతే, విండోస్‌కు కాదు. అది పేరు చూడదు, ఎస్‌ఐడీ అనే పొడుగాటి నంబరు చూస్తుంది. కొత్త డొమైన్‌లో మీ నంబరు మారింది. ఎవరో కొత్తవారొచ్చారనుకుని కొత్త ప్రొఫైల్, అంటే ఫైళ్లు, సెట్టింగులు ఉండే ఫోల్డర్, తెరిచింది.

కాలర్: అయితే పాతదంతా కాపీ చేసి కొత్తదాంట్లో పడేస్తాను.

నిపుణుడు: డాక్యుమెంట్లు, ఫొటోలు తెచ్చుకోండి. ఎన్‌టీయూజర్.డాట్ అనే ఫైలు జోలికి మాత్రం పోవద్దు. విండోస్ మీ సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీ అదే. దాని లోపలి అనుమతులు కూడా పాత నంబరు పేరునే ఉంటాయి. సెట్టింగులతో సహా కావాలంటే ఫోరెన్సిట్ వాళ్ల యూజర్ ప్రొఫైల్ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ వాడాలి. అనుమతులన్నీ కొత్త నంబరుకు మార్చి, పాత ఫోల్డర్‌నే మీకు అప్పగిస్తుంది. అంతకుముందు రెండు ఫోల్డర్లనీ బయటి డిస్క్‌లోకి బ్యాకప్ తీయించండి. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ చేతిలో ఉందా?

కాలర్: అదేంటి సార్?

నిపుణుడు: ఆ కంప్యూటర్ మీద అన్ని అధికారాలూ ఉండే ఖాతా పాస్‌వర్డ్. ఆ వచ్చినతన్ని అడగండి. అది లేకుండా ఏదీ ముట్టుకోవద్దు.

కాలర్: సరే. మరి మొత్తం కాపీ చేస్తే రాదంటారా?

నిపుణుడు: రాదమ్మా! ఇప్పుడేగా చెప్పాను.

కాలర్: మరి క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల సంగతి?

నిపుణుడు: అవి పాత ఖాతా తాళంతో ఉంటాయి, మామూలుగా కొత్తదాంట్లో తెరుచుకోవు. గూగుల్ ఖాతాకు సింక్ చేసి ఉంటే మళ్లీ దిగుతాయి. లేదంటే ఒక్కొక్కటీ కొత్తగా పెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: థాంక్సమ్మా. వరంగల్ నుంచి కాలర్.

కాలర్: సార్, డీటీపీ సెంటర్. డొమైన్ మార్చాక కొన్ని తెలుగు ఫాంట్లు కనపడట్లేదు.

నిపుణుడు: విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి ఫాంట్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ ఒక్క యూజర్‌కే చేరుతుంది. పాత ప్రొఫైల్‌లో యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ ఫోల్డర్ చూడండి. అక్కడివి తెచ్చి, రైట్ క్లిక్‌లో ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ కొట్టండి. ఉత్తినే ఫోల్డర్‌లో పడేస్తే రావు.

వ్యాఖ్యాత: తర్వాతి కాలర్, కర్నూలు.

కాలర్: డొమైన్ దొరకట్లేదని ఎర్రరొస్తోంది సార్.

నిపుణుడు: డీఎన్ఎస్‌లో, అంటే పేర్లకు అడ్రసు వెతికిపెట్టే సర్వర్ సెట్టింగులో, ఏముంది?

కాలర్: 8.8.8.8.

నిపుణుడు: ఇంకేముంది! అది గూగుల్‌ది, మీ ఆఫీసు డొమైన్ దానికి తెలీదు. డొమైన్‌ను నడిపే సర్వర్, అదే డొమైన్ కంట్రోలర్, దాని ఐపీ పెట్టండి. ఆ సర్వర్‌తో గడియారం 5 నిమిషాలకు మించి తేడా ఉండకూడదు. విండోస్ హోమ్ ఎడిషన్ అయితే అసలు చేరదు. పాత డొమైన్ నుంచి తీసేముందు లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టు...

వ్యాఖ్యాత: లైన్ కట్టయింది. హైదరాబాద్ నుంచి చెప్పండి.

కాలర్: 40 సిస్టమ్‌లు మార్చాలండీ.

నిపుణుడు: అన్నిటికీ కొత్త మెషిన్లయితే యూఎస్‌ఎమ్‌టీ అనే మైక్రోసాఫ్ట్ టూల్ వాడండి. పాతదాంట్లో స్కాన్‌స్టేట్‌తో డేటా తీసి, కొత్తదాంట్లో లోడ్‌స్టేట్‌తో పెట్టాలి. లోడ్‌స్టేట్‌లో ఎమ్‌డీ స్విచ్‌తో పాత డొమైన్ పేరును కొత్తదానికి జతచేయాలి. ముందు ఒక్క మెషిన్‌లో చేసి చూడండి.

వ్యాఖ్యాత: గుంటూరు అమ్మగారు మళ్లీ లైన్లో ఉన్నారు.

కాలర్: సార్, చుక్క ఉన్న ఫోల్డర్ ఎలాగూ ఖాళీయే కదా. డిలీట్ కొట్టేయనా?

నిపుణుడు: ఆగండమ్మా! ఫోల్డర్‌ను చేత్తో తీసేస్తే రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ ఎంట్రీ మిగిలిపోయి, టెంపరరీ ప్రొఫైల్ వస్తుంది. తీయాలంటే లోకల్ అడ్మిన్‌తో లాగిన్ అయి, సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, యూజర్ ప్రొఫైల్స్‌లోంచే తీయాలి. ఇంతకీ ఆ పాస్‌వర్డ్ అడిగారా?

కాలర్: అతను ఫోనెత్తట్లేదు సార్.