మహజరు కింద వేలిముద్ర

అందరికీ నమస్కారం. బెంగళూరు కోర్టుల్లో ఏళ్ల తరబడి క్రిమినల్ కేసులు వాదించినవాణ్ణి. ముందు ఒక కాగితం సంగతి చెప్తాను.

మడకశిర నుంచి పనికొచ్చిన తాపీమేస్త్రీని దోపిడీ కేసులో పట్టుకున్నారు. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో సాక్షుల ముందు రాసే కాగితాన్ని మనం పంచనామా అంటామే, ఇక్కడ దాన్ని మహజరు అంటారు. కన్నడలో రెండు పేజీలు రాసి, కింద అతని వేలిముద్ర. జైలుకెళ్లి అడిగాను, ఇందులో ఏముందయ్యా అని. "వేలిముద్రేస్తే ఇంటికి పంపిస్తామన్నారు సార్" అన్నాడు. ఇటుకల వెనక దాచిన గొలుసు తానే తీసి చూపించాడని రాసుంది అందులో!

పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదు. కానీ నిందితుడు చెప్పగా వస్తువు దొరికితే, ఆ మేరకు చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో 27వ సెక్షన్ అది. 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. అందుకే ఏ కేసు వచ్చినా నేను ముందు రికవరీ కాగితమే చూస్తాను.

గుర్తింపు దగ్గరా ఘోరాలు జరుగుతాయి. 2003లో మహారాష్ట్రలో జరిగిన హత్యల కేసులో బతికి బయటపడ్డ సాక్షి, పోలీసులు చూపిన ఫొటోల్లో మొదట వేరే నలుగురిని గుర్తుపట్టింది. దాన్ని పక్కన పెట్టేశారు. సంచార జాతికి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే ఉరిశిక్ష వేసింది. తీర్పును మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్ మీద ఆ తీర్పు వెనక్కి తీసుకుని, మళ్లీ విని, 2019లో ఆరుగురూ నిర్దోషులంది. ఒక్కొక్కరికి 5 లక్షలు ఇమ్మంది. పదహారేళ్లకు 5 లక్షలు! విజయవాడ హాస్టల్ హత్య కేసు మీకు గుర్తుండే ఉంటుంది. శిక్షపడిన కుర్రాణ్ణి హైకోర్టు 2017లో వదిలేసేసరికి జైల్లో ఎనిమిదేళ్లు దాటాయి.

హైకోర్టు అప్పీలు, సుప్రీంకోర్టు, రివ్యూ, అదీ పోతే చివరి అవకాశంగా క్యూరేటివ్ పిటిషన్... మెట్లు చాలానే ఉన్నాయి. అయితే అప్పీల్లో సాక్షుల్ని మళ్లీ పిలవడం చాలా అరుదు, కింది కోర్టు రికార్డే చదువుతారు. కింది కోర్టులో సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు అడగని ప్రశ్నకు రికార్డులో జవాబెక్కడుంటుంది? తీర్పులన్నీ అయిపోయాక కూడా అనుమానమున్న కేసుల్ని తిరగదోడే కమిషన్ బ్రిటన్‌లో 1997 నుంచి ఉంది. మనకు లేదు.

ఇక్కడ కన్నడ చదవగలిగిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. జిల్లా న్యాయసేవా సంస్థలో పారా లీగల్ వాలంటీర్లుగా చేరొచ్చు. పరప్పన అగ్రహార జైల్లో ఛార్జిషీటును తెలుగులో చదివి వినిపించేవాళ్లు కావాలి. విచారణ మొదలవకముందే కావాలి.