ఫైవ్ స్టార్ ఏసీకి ఎక్కువ పెట్టొచ్చా? బెజవాడ కరెంటు బిల్లుతో లెక్క

నమస్కారం అండి. ఎండలు ఇంకా ముదరనే లేదు, బందరు రోడ్డు షోరూముల్లో ఏసీల బేరాలు మొదలైపోయాయి. మన బెజవాడలో ఏసీ కొనాలా వద్దా అనే మాట ఎప్పుడో పోయింది. త్రీ స్టారా, ఫైవ్ స్టారా అన్నదే గొడవ. రెండూ ఒకటిన్నర టన్ను, రెండూ ఇన్వర్టరే, ధరలో ఎనిమిది వేలు తేడా అనుకుందాం. ఆ ఎనిమిది వేలు మళ్లీ మన చేతికొస్తాయా?

ఇదిగో, లేబుల్ దగ్గరగా చూపిస్తున్నా. స్టార్లు వదిలేయండి, ఐఎస్ఈఈఆర్ అన్న అంకె చూడండి. తిన్న కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో అదే చెబుతుంది. 2026 జనవరి నుంచి స్టార్ల కొలత బిగించారు కాబట్టి, పాత స్టాకులో ఫైవ్ స్టార్ అన్నది కొత్త లెక్కలో ఒక మెట్టు దిగొచ్చు. అంకె మాత్రం మారదు. దాంతోపాటే ఏడాదికి ఎన్ని యూనిట్లో కూడా ఉంటుంది. అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. అంటే రాత్రి ఎనిమిది గంటల చొప్పున 200 రోజులు. మార్చిలో మొదలెట్టి సెప్టెంబరు ఉక్కపోత దాకా వేసే మనకి అతికినట్టు సరిపోతుంది.

రెండు లేబుళ్ల మధ్య తేడా 200 యూనిట్లు అనుకోండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించి, యూనిట్ ఆరు రూపాయలేగా అనేస్తారు. కాదండీ! ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మోటారు కలిసి తక్కువ రేటుండే కింది స్లాబులు ముందే తినేస్తాయి. ఏసీ యూనిట్లు పడేది ఆ పైనే. మన దగ్గర నెలకి 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75. సర్దుబాటు ఛార్జీలు అదనం, వాటి గురించి మాట్లాడితే వీడియో చాలదు. 8.75 చొప్పునే వేసినా ఏడాదికి 1750 రూపాయలు. నాలుగున్నరేళ్లలో ఎనిమిది వేలూ వచ్చేస్తాయి. పగలు కూడా ఏసీ నడిచే ఇల్లయితే ఇంకా ముందే.

చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వేసే గదికా? త్రీ స్టార్ చాలు, నిక్షేపంగా తీసుకోండి.

కన్వర్టిబుల్ మోడ్, అంటే ఏసీ జోరుని రిమోట్‌తో మనమే తగ్గించుకునే సదుపాయం, ఉందని ఇంకో రెండు వేలు అడిగితే మాత్రం నేను ఇవ్వను. గది చల్లబడ్డాక ఇన్వర్టర్ ఎలాగూ తనే నెమ్మదిస్తుంది. రిమోట్ 24 మీద పెట్టి ఫ్యాన్ వేసుకోండి, హాయిగా ఉంటుంది.

ఆఖరిగా బిగింపు. అపార్ట్‌మెంట్లలో అవుట్‌డోర్ యూనిట్‌ని ఇరుకు డక్టులో దూర్చేస్తారు. అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది, ఫైవ్ స్టార్‌కి పెట్టిన డబ్బు అక్కడే ఆవిరి. మెకానిక్ పైపు చాలదన్నా సరే, ఇంకో రెండు మీటర్ల రాగి పైపు కొని బాల్కనీ వైపే పెట్టించండి.