వకీలు బూర్గుల రామకృష్ణారావు

సభకు నమస్కారం. కల్వకుర్తి దగ్గరి పడకల్లులో 1899 మార్చి 13న పుట్టిన రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ పక్కనున్న స్వగ్రామం బూర్గుల పేరు ఆ ఇంటిపేరును పూర్తిగా మరిపించింది.

పూనా ఫెర్గూసన్ కళాశాలలో బి.ఏ., 1923లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొంది హైదరాబాదులో వకాలత్ మొదలుపెట్టారు. కోర్టు వ్యవహారమంతా ఉర్దూలో సాగిన ఆ కాలంలో ఉర్దూ, ఫారసీలపై గట్టి పట్టున్న తెలుగు వకీలుకు గిరాకీ ఉండడంలో వింత లేదు. తరువాత పి.వి. నరసింహారావు జూనియరుగా చేరింది కూడా ఈయన దగ్గరే.

రాజకీయాల్లోకి ఆయన ఒక్కసారిగా దూకలేదు. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రోజులవి. ఏ మాట ఎంతవరకు అనవచ్చో తెలిసిన వకీలు ఆ కుర్చీలో ఉండడం ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. 1938లో స్టేట్ కాంగ్రెస్, 1942లో, 1947లో జైలు. ఇవి మీకు తెలిసినవే.

నా దృష్టిలో అసలు విషయం భూమిది. 1950లో హైదరాబాదు రాష్ట్రానికి కేంద్రం నియమించిన ముఖ్యమంత్రి ఎం.కె. వెల్లోడి మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ మంత్రి అయ్యారు. కౌలుదారీ చట్టం అమల్లోకి వచ్చింది ఆ ఏడే. మన పల్లెల్లో కౌలు నోటిమాట మీదే నడిచేది. తరాలుగా దున్నినవాడి చేతిలో కాగితం ఉండదు, ఊరి సాగు లెక్కల పుస్తకమైన పహాణీలో పేరెక్కాలంటే పట్వారీ కలం కదలాలి. అలాంటి కౌలుదారుకు 'రక్షిత కౌలుదారు' అన్న హోదా ఇచ్చిన చట్టమది. ఆయన హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న 1954లో సవరణ ద్వారా అందులో చేరినదే, రక్షిత కౌలుదారుకు భూమిపై యాజమాన్య హక్కు ఇచ్చే సెక్షన్, ఇప్పటికీ తహసీలు కార్యాలయాల్లో వినబడే '38-ఇ'. అమలును మాత్రం ప్రభుత్వాలు దశాబ్దాలు సాగదీశాయి.

1952లో షాద్‌నగర్ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన ఆరు నెలల్లోనే, ఉద్యోగాలు స్థానికులకే (ముల్కీలకే) ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమంలో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర విద్యార్థులపై కాల్పులు జరిగాయి. ఈ మాట దాటవేసి ఆయనను పొగడడం నాకు సమ్మతం కాదు.

1956లో హైదరాబాదు రాష్ట్రం విడిపోయాక కేరళ గవర్నరుగా వెళ్లారు. శాసనసభలో కమ్యూనిస్టుల ప్రతిపక్షాన్ని ఎదుర్కొన్న మనిషే 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ కమ్యూనిస్టు మంత్రివర్గం చేత ప్రమాణం చేయించారు. 1959 జులై 31న అదే మంత్రివర్గం బర్తరఫుకు ఆధారమైన నివేదికనూ ఆయనే పంపారు. నన్నడిగితే, ఆ నివేదికలో వకీలు కంటే కాంగ్రెస్ నాయకుడే ఎక్కువగా మాట్లాడారంటాను.