పది డాలర్ల నోటు మీది మనిషి యూదుడా?

అందరికీ నమస్కారం. మీ పిల్లలు అమెరికాలో ఉంటే పది డాలర్ల నోటు మీ చేతికీ వచ్చే ఉంటుంది. దాని మీద ఉన్నది అలెగ్జాండర్ హామిల్టన్, ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి. ఈయన యూదుడేనేమో అని ఒక వాదన ఉంది.

హామిల్టన్ పుట్టింది కరీబియన్ సముద్రంలోని నెవిస్ దీవిలో. తల్లి రేచెల్. ఆమె మొదటి భర్త లావియన్. అది యూదుల ఇంటిపేరే, రాతలో మారిందంటారు. రేచెల్‌కు అతని వల్ల కలిగిన కొడుకు పెద్దయ్యాక గానీ బాప్తిస్మం తీసుకోలేదు; క్రైస్తవుల బిడ్డయితే పసితనంలోనే ఇప్పించేవారు కదా అంటారు. రేచెల్ పెళ్లి కోసం మతం మారి ఉంటుందని, యూదుల్లో తల్లిని బట్టే బిడ్డ కాబట్టి తర్వాత వేరొకరికి పుట్టిన హామిల్టన్ కూడా యూదుడేనని లెక్క కడతారు. నాకైతే ఇందులో 'ఉంటుంది'లు ఎక్కువనిపిస్తాయి. ఆమె మతం మారినట్టు కాగితం ముక్క లేదు.

బడి సంగతి అలా కాదు. హామిల్టన్ కొడుకే రాసిపెట్టాడు. నెవిస్‌లో ఒక యూదు పంతులమ్మ దగ్గర నాన్న చదువుకున్నాడట. మరీ చిన్నవాడు కావడంతో బల్ల ఎక్కించి పక్కన నిలబెట్టుకునేది. అక్కడి నుంచి పది ఆజ్ఞలు హీబ్రూలో అప్పజెప్పేవాడు. తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు కాబట్టి చర్చి బడిలో చోటు దొరకలేదని కొందరంటారు.

పెద్దయ్యాక ఆయన బతికింది క్రైస్తవుడిగానే. 1804లో ద్వంద్వ యుద్ధంలో అప్పటి ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ తూటా తగిలి మంచాన పడ్డాక బిషప్‌ను పిలిపించి ప్రభు భోజనం అడిగి మరీ తీసుకున్నాడు. అయినా యూదులతో పరిచయం తెగలేదు. 1787లో కొలంబియా కాలేజీ చార్టర్ తిరగరాసినప్పుడు ధర్మకర్తల్లో ఆయనతో పాటు న్యూయార్క్ యూదుల ప్రార్థనా మందిరం పెద్ద గెర్షోమ్ సేషాస్ కూడా ఉన్నాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1800లో లె గెన్ అనే వ్యాపారి తరఫున హామిల్టన్ లాయరుగా వాదించిన కేసు. హామిల్టన్ పక్షాన సాక్షులు యూదులు. వాళ్ల మాట నమ్మేదెలా అని ఎదుటి లాయరు గువర్నూర్ మోరిస్ తీసిపారేశాడు. ఇతను రాజకీయాల్లో హామిల్టన్‌కు స్నేహితుడే! హామిల్టన్ ఊరుకోలేదు. దేవుడు తన అద్భుతాలకు సాక్షులుగా ఎంచుకున్నది ఈ జాతినే కదా, మర్చిపోయారా అని కోర్టులోనే నిలదీశాడు. కేసు గెలిచాడు. విచిత్రం ఏమిటంటే, ఆ కేసులో ఆయన పక్కన కూర్చున్న తోటి లాయరు ఆరన్ బర్రే.