బావ టెంటు, జిరో వాన: అక్కాతమ్ముళ్ల కబుర్లు

అక్క: రికార్డ్ అవుతోందా? ఆ, ఎర్ర లైటు వెలిగింది. అందరికీ నమస్కారం అండీ. పోయిన వారం ఎపిసోడ్ ఏదీ అని మెసేజీలు పెట్టారు కదా, దానికి కారణం ఇదిగో నా పక్కన కూర్చుని జంతికలు నములుతున్నాడు. మైకు దగ్గర ఆ కరకరలు ఆపరా బాబూ.

తమ్ముడు: అమ్మ పంపిందక్కా, మెత్తబడిపోతాయి.

అక్క: మా తమ్ముడండీ. వీడూ వీడి ఫ్రెండ్స్ ముగ్గురూ కలిసి అరుణాచల్ ప్రదేశ్‌లో జిరో అనే లోయలో జరిగే జిరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లొచ్చారు. టెంటు మాత్రం మా ఆయనది. వికారాబాద్ కొండల్లో ఒక్క రాత్రి వాడి, కడిగి, ఆరబెట్టి, కొత్త పెళ్లికూతురి చీరలా మడతపెట్టి దాచుకున్న టెంటు.

తమ్ముడు: ముందుగా బావకి సారీ.

అక్క: ఆ సంగతికి తర్వాత వద్దాం. పాటలు వినడానికి అంత దూరం దేనికిరా? గచ్చిబౌలిలో ఎప్పుడూ ఏదో ఒక కాన్సర్ట్ ఉంటూనే ఉంటుంది.

తమ్ముడు: అక్కడ రెండు గంటలు పాట, మూడు గంటలు పార్కింగ్. ఇక్కడైతే అక్కడే పడి ఉంటాం, లేచినా పాటే, పడుకున్నా పాటే. మొత్తం నాలుగు రోజుల పండగ, మాకు సెలవు దొరక్క శుక్రవారం మధ్యాహ్నానికి చేరుకున్నాం. 2012లో మొదలైందట, బాబీ హానో అని ఆ ఊరి వైపు మనిషి, అనూప్ కుట్టి అని ఢిల్లీ బ్యాండులో గిటారు వాయించే ఆయన కలిసి మొదలుపెట్టారు. హైదరాబాద్ నుంచి గువాహటికి ఫ్లైటు, అక్కణ్నుంచి రాత్రంతా రైల్లో నాహర్లగున్, దిగాక సుమోలో దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. వందేగా అనుకున్నాం. మలుపులు తిరిగే సరికి రైలు దిగి తాగిన టీ కూడా గుర్తొచ్చింది.

అక్క: మధ్యలో పర్మిట్ గొడవ ఒకటి ఉందన్నావు?

తమ్ముడు: గొడవేం లేదు, బయటి రాష్ట్రాల వాళ్లు అక్కడికి వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ అని ఒకటి కావాలి, ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. కాకపోతే మావాడొకడు, మన దేశంలో మనం తిరగడానికి పర్మిట్ ఏంట్రా అని దారంతా గొణిగాడు. దాని మూలం 1873లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన రెగ్యులేషన్‌లో ఉంది, అప్పుడు వాళ్ల లెక్కలు, వాళ్ల వ్యాపారం వేరు. ఇప్పుడు మాత్రం అక్కడివాళ్లు మా భూమికి ఇదే రక్ష అంటారు. నాకైతే తప్పనిపించలేదు. ఒకళ్ల పొలాల మధ్యకెళ్లి మూడు రోజులు గంతులేస్తూ, ఎవర్రా నువ్వు అని అడిగితే ఉడుక్కోవడం ఏంటి?

అక్క: సరే, టెంటు.

తమ్ముడు: వదలవా? చెప్తా. దాని మీద ముగ్గురికి అని రాసి ఉంటుంది చూడు, అది నమ్మకూడదు. ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు, అంతే. మేం నలుగురం దూరాం. దానికి తోడు నేను తెలివి చూపించి కింద తడి రాకుండా పెద్ద ప్లాస్టిక్ పట్టా పరిచాను, అది టెంటు కన్నా నాలుగు వైపులా జానెడు బయటికి వచ్చింది. గుడారం గుడ్డ మీద పడ్డ వాన జారి పట్టా మీద పడుతుంది, పట్టా మీద నుంచి ఎక్కడికి పోతుంది? సరిగ్గా మన వీపు కిందికి వస్తుంది. పట్టాని టెంటు అంచు కన్నా లోపలికి మడవాలి, ఇది వింటున్నవాళ్లెవరైనా రాసిపెట్టుకోండి. రాత్రి రెండింటికి లేచి చూస్తే నా స్లీపింగ్ బ్యాగు పెసరట్టు పిండిలో ముంచి తీసినట్టుంది.

అక్క: మరి మీ బావ ఏమన్నాడంటే, పైన గుడ్డ బిగించి కట్టి ఉండరు, లోపలి గుడ్డకి ఆనిపోయి ఉంటుంది, అందుకే కారింది అన్నాడు.

తమ్ముడు: అది కూడా నిజమే. ఆయనకి చెప్పకు.

అక్క: వింటున్నాడు, వంటింట్లో ఉన్నాడు.

తమ్ముడు: బావా, నువ్వు దేవుడివి. ఇంకో సంగతి, అక్కడ సాయంత్రం ఐదు దాటితే చీకటే, దేశానికి అటు చివర కదా, తెల్లారడం కూడా ఐదింటికే. రెండు స్టేజీలు, పగటి దానికి డాన్యి అని, రాత్రి దానికి పీలో అని పేర్లు. సూర్యుడు, చంద్రుడు అని ఆపతానీ అనే అక్కడి తెగ వాళ్ల భాషలో. ఆ లోయంతా ఆపతానీ వాళ్లదే. స్టేజీలు వెదురుతో కడతారక్కా, ఊరివాళ్లే కడతారు. ఆ రాత్రి నేను తడిసిపోయి, జ్వరమొస్తుందేమోనని టెన్షన్‌తో తొందరగా వెళ్లి టెంటులో పడుకున్నా. అవతల డ్రమ్స్ వాయిస్తున్నారు, పాట సరిగా వినపడట్లేదు కానీ ఆ దరువు మాత్రం నేల లోంచి వచ్చి వీపుకి తగులుతోంది. పైన వాన చప్పుడు. అంత తడిలో కూడా నిద్ర పట్టేసింది, ఎలా పట్టిందో నాకే తెలీదు.

అక్క: పక్క టెంటు వాళ్లు పాడించారన్నావు?

తమ్ముడు: అది రెండో రాత్రి. గువాహటి నుంచి వచ్చిన కుర్రాళ్లు, ఉకులేలే అని చిన్న గిటారులాంటిది ఒకటుంది, వాళ్లు అస్సామీ పాటలు మూడు పాడి, ఇప్పుడు మీ తెలుగు పాట అన్నారు. సినిమా పాట వద్దట, మీ ఊరిది కావాలట. ఇంకేముంది, అమ్మ పాడే కోలాటం పాట ఎత్తుకున్నా, మొదటి రెండు లైన్లే వచ్చు. ఆ రెండే పది నిమిషాలు తిప్పి తిప్పి పాడాం, వాళ్లు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

అక్క: ఛీ ఛీ, పరువు తీశావు. నాకు మొత్తం వచ్చురా.

తమ్ముడు: నువ్వు రాలేదుగా. అసలు చెప్పాల్సింది నాన్న సంగతి. వెళ్లిన దగ్గర్నుంచి నేను నాన్నకి వీడియోలు పంపుతున్నా. స్టేజీ, లైట్లు, జనం, ఒక నాగా ఆయన కొమ్ము బూర ఊదడం, అన్నీ. బ్లూ టిక్కులు పడతాయి, సమాధానం ఉండదు. శనివారం పొద్దున్నే టాయిలెట్ లైను చూసి భయపడి, సరే అని పొలం గట్టు మీద నడుచుకుంటూ పోయా. సెప్టెంబరు ఆఖరు కదా, వరి పండి పచ్చబడింది, గట్ల మీద చోళ్లు వేశారు, చేలో నీళ్లు, ఆ నీళ్లలో చేపలు కదులుతున్నాయి. వరి చేలోనే! ముప్పై సెకన్ల వీడియో తీసి పంపా. రెండు నిమిషాల్లో ఫోను.

అక్క: నాకూ చేశాడు. మీ తమ్ముడు పాటల కోసం వెళ్లాడో వ్యవసాయానికి వెళ్లాడో కనుక్కో అన్నాడు.

తమ్ముడు: నాతో మాత్రం అదంతా లేదు, నేరుగా, నీళ్లెంత లోతు పెడతారు, కోతకి ముందు నీళ్లు తీసేస్తే చేప ఎక్కడికి పోతుంది, అడిగి చెప్పు అన్నాడు. నాకు సిగ్గేసింది, ఎవర్ని అడగాలి? గట్టు మీద ఒకావిడ ఉంది, ఆవిడకి కొంచెం హిందీ వచ్చు, నాకూ కొంచెమే, అయినా చేతులతో చెప్పింది. చేను లోపలే గుంట, కాలవలాగా తవ్వి ఉంచుతారు, నీళ్లు తగ్గినప్పుడు చేపలు అందులోకి చేరతాయి. నాకు గుర్తుపట్టడం రాక ఫోటో పంపితే నాన్నే చెప్పాడు, బంగారు తీగరా అది, మన చెరువుల్లో వేసేదే అని. మందు కొట్టరు, కొడితే చేప బతకదు. నాగలి లేదు, ఎద్దులు లేవు, మొత్తం చేతి పనే. అది విన్నాక నాన్న కాసేపు మాట్లాడలేదు.

అక్క: మనవైపు చేపలూ రొయ్యలూ అనగానే చేనే తవ్వేస్తున్నారు కదరా, ఆ ఉప్పు నీళ్లు పక్క చేలోకి ఊరి, ఆ పక్కవాళ్ల వరీ పోతుంది. నాన్న రెండేళ్లుగా ఆ తగువులోనే ఉన్నాడు.

తమ్ముడు: అదే అన్నాడు. వాళ్లకి ఒకే మడిలో రెండూ పండుతున్నాయి, మనకి ఒకటి కావాలంటే రెండోది చంపుకోవాలి అన్నాడు. అయితే మనకి అక్కడిలా కుదరదులే అని కూడా ఆయనే అన్నాడు, అది ఐదువేల అడుగుల ఎత్తున చల్లటి లోయ, మనది డెల్టా, మనిషి కూలి లెక్క వేరు. ఆ తర్వాత మళ్లీ ఫోను, ఆవిడ పేరేంటి అని. అడగలేదు నాన్నా అన్నా. తిట్టాడు.

అక్క: కరెక్టేగా. ఫోటో అయినా అడిగి తీశావా?

తమ్ముడు: చేనుదే తీశా, ఆవిడది తీయలేదు. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లకి ముక్కుకి రెండు వైపులా బిళ్లలు, మొహం మీద పచ్చబొట్టు ఉంటాయి, 1970ల నుంచి కొత్తగా ఎవరూ వేయించుకోవట్లేదు కాబట్టి ఇప్పుడున్నవాళ్లే ఆఖరి తరం. వాళ్ల మొహంలో కెమెరా పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండింది. మన అమ్మమ్మ అరుగు మీద కూర్చుంటే ఎవడో వచ్చి లెన్స్ పెడితే ఊరుకుంటామా?

అక్క: అమ్మమ్మ చీపురు తిరగేసేది. తిండి?

తమ్ముడు: వెదురు కొమ్ముల కూర, పొగబెట్టిన మాంసం, బియ్యంతో చేసిన కల్లులాంటిది, అది వెదురు గొట్టంలో ఇస్తారు. తప్యో అని ఆకులు కాల్చి బూడిదతో చేసే నల్లటి ఉప్పొకటి ఉంది. నాలుగో మనిషి ఉన్నాడు చూడు, పర్మిట్ మీద గొణిగినవాడు, వాడు మూడు రోజులూ మ్యాగీయే తిన్నాడు. వాడి సంగతి వదిలెయ్. బూట్లు మాత్రం మర్చిపోను, స్టేజీ ముందు బురదలో ఒక బూటు ఇరుక్కుపోయింది, కాలు వచ్చేసింది, బూటు రాలేదు. ఎవరో తెలియని అమ్మాయి కర్రతో తవ్వి ఇచ్చింది. మర్నాడు హపోలి బజారుకెళ్లి గమ్‌బూట్లు కొన్నా. ముందే కొనాల్సింది.

అక్క: ఆ గమ్‌బూట్లు ఇప్పుడు నాన్న దగ్గరున్నాయట?

తమ్ముడు: అడిగి మరీ పంపించుకున్నాడు. సైజు ఒకటి ఎక్కువైంది, రెండు జతల సాక్సులు వేసుకుని చేలోకి వెళ్తున్నాడు.

అక్క: సరే, ఆదివారం రాత్రి ఆఖరి పాట దాకా ఉన్నారా?

తమ్ముడు: ఉన్నాం. దాని గురించి అడక్కు, నాకు చెప్పడం రాదు. అరిచి అరిచి గొంతు పోయింది, అంతే. పొద్దున్నే టెంటు విప్పుదామంటే ఇంకా వానే, తడి టెంటునే చుట్టి సంచిలో కుక్కా.

అక్క: చుట్టావు. రైల్లో, ఫ్లైటులో, నీ రూములో నాలుగు రోజులు అలాగే ఉంచావు. విప్పితే బూజు. వాసన సంగతి సరేసరి. అది పది రోజులుగా మా బాల్కనీలో వేలాడుతోంది, బట్టలారేసుకోవడానికి తీగ లేదు. ఎప్పుడు ఉతుకుతావు?

తమ్ముడు: ఈ ఆదివారం.

అక్క: పోయిన ఆదివారం కూడా ఇదే అన్నాడండీ. ఏవండీ, విన్నారా? ఆదివారమట.