ఆ మూలనున్న కంప్యూటర్ గురించి

అధ్యక్షుల వారికి, వేదిక మీద పెద్దలకు, పరీక్షల పుస్తకాలు పక్కన పెట్టి వచ్చిన పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తకం గొప్పతనం చెప్పమన్నారు. అది పెద్దలు చెప్పేశారు. నేను ఆ మూల బల్ల కింద ఉన్న లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే కంప్యూటర్ గురించి చెబుతాను.

అందులో 1996 నవంబరు 6 తుఫాను ఫోటోలున్నాయి. కోనసీమ తోటలు వరసకు వరస నేలకూలినవి. ఒకదాంట్లో, రెండు కొబ్బరి మొండేలకు తాడు కట్టి ఎవరో తడిసిన బడి పుస్తకాలు ఆరేశారు. నెగెటివ్‌లు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మిగిలింది ఆ హార్డ్‌డిస్కేనండీ.

పోయిన వానాకాలం అది టిక్కుటిక్కుమంది. బాగుచేసే చోట "ఓల్టేజీ అండీ" అని పంపేశారు. ఓల్టేజీ కాదు! డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండుతో చూస్తే లోడ్ సైకిల్ కౌంట్, అంటే డిస్కులో చదివి రాసే హెడ్డు ఎన్నిసార్లు పక్కకు వెళ్లొచ్చిందో ఆ లెక్క, పరుగెడుతోంది. కరెంటు ఆదా పేరుతో డిస్కు క్షణాల్లో హెడ్డును పక్కకు పెట్టేస్తుంది. సిస్టమ్ తన పనుల చిట్టా, అదే లాగ్, ఏదో రాయాలంటుంది, మళ్లీ తెస్తుంది. కాలవలో ప్రతి చిన్న పడవకీ లాకు తలుపులు తీసి మూసినట్టు. నిమిషానికి రెండుసార్లయినా రోజుకు 2,880. చాలా డిస్కులకు 3 లక్షలే హద్దు. నాలుగు నెలలు కూడా రాదు! ఇది ఎవరూ చెప్పరేం?

పిల్లలూ, రాసుకోండి. డిస్కు సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్ అనే కమాండులో పెద్ద బి (-B) పక్కన పెట్టే అంకె 127 లోపు ఉంటే డిస్కు తిరగడం ఆపేయొచ్చు, 128 నుంచి 254 దాకా ఆపదు. మేం 254 పెట్టాం, టిక్కులు ఆగాయి. ఎంతసేపు పని లేకపోతే డిస్కు ఆగాలో చెప్పే పెద్ద ఎస్ (-S) దగ్గర జాగ్రత్త. 20 అంటే ఇరవై నిమిషాలు కాదు, ఐదేసి సెకన్ల లెక్కన వంద సెకన్లు. ఇరవై నిమిషాలకు 240, అరగంటకు 241. రోజూ రాసే డిస్కును నిద్రపుచ్చొద్దు. వారానికోసారి ముట్టుకునే బ్యాకప్ డిస్కుకు 241 పెట్టండి, హాయిగా పడుకుంటుంది.

ఇంకోటి. మనకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయి వస్తే చాలా డిస్కులు ఆ అంకెలు మరిచిపోతాయి. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలు వాడేవాళ్లు వాటిని హెచ్‌డీపార్మ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో రాసి ఉంచాలి. కమాండ్లంటే భయమా? డిస్క్స్ అనే యాప్‌లో డ్రైవ్ సెట్టింగ్స్ తెరవండి, అక్కడే ఉంటాయి.

కార్యదర్శి గారూ, దండలూ శాలువాలూ వద్దండీ, ఆ డబ్బుతో రెండో డిస్కు కొనిపించండి. ఇళ్లలో పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు సభ అయ్యాక ఆగండి, కౌంట్ ఎలా చూడాలో ఆ కంప్యూటర్ మీదే చూపిస్తాను.